పెట్టె మీది రాత

నరసన్నపేట బస్టాండు వెనక
నా కొట్టుకి బోర్డు లేదు.
ఊరందరి బోర్డులూ రాసేవోడికి
మళ్లీ బోర్డెందుకురా అనేవాడు మా అయ్య.

సెలవు మీద వచ్చిన సిపాయిలు
ఇంటికన్నా ముందు మా దగ్గర దిగేవారు
భుజం మీద నల్ల రేకు పెట్టెతో.
నంబరు, ర్యాంకు, పేరు, పటాలం,
అన్నీ ఇంగ్లీషు అక్షరాలే.
మా అయ్యకి చదవడం రాదు, గీయడం వచ్చు.
ఎవరికి ప్రమోషనొచ్చినా
పెళ్లానికన్నా ముందు తెలిసేది మాకే.

సనపల గున్నయ్య పెట్టె మరవలేను.
మొదట సిపాయి.
దాని మీద నల్ల రంగు పూసి లాన్స్ నాయక్.
మళ్లీ పూసి నాయక్.
మళ్లీ పూసి, ఎండలో ఆరబెట్టి, హవల్దార్.
ఆ రోజు మా అయ్యకి రమ్ము సీసా,
నాకు క్యాంటీను బిస్కట్లు.

తరవాతి సెలవులోనే వంశధార పొంగింది.
ఇల్లు పోయింది, ఆవు పోయింది,
తల్లి దొరకలేదు.
సెలవు తీరిపోయాక కూడా
పంతొమ్మిది రోజులు గట్టు పొడుగూతా వెతికేడు.
శవం లేకుండానే దినం చేసి
ఆమదాలవలసలో రైలెక్కేడు.

ఏడాదికి మళ్లీ వచ్చేడు.
"హవల్దారు చెరిపీ తమ్మీ. నాయక్ అని రాయి."
అయ్యకి జ్వరం, కొట్లో నేనొక్కడినే,
నాకింకా మీసం సరిగా రాలేదు.
"ఉంచీ బాబూ, ఊళ్లో ఎవుడికి తెలుస్తాది?"
"పెట్టికి తెలుస్తాది" అన్నాడు.
చెరిపేను.
అర్ధరూపాయి ఇచ్చేడు.
తీసుకున్నాను.

కొడుకు దాలినాయుడు అదే పెట్టె పట్టుకెళ్లేడు.
నంబరు కొత్తది, పేరు కొత్తది,
ర్యాంకు మాత్రం మళ్లీ అడుగునుంచి, సిపాయి.
తండ్రి దిగిన మెట్టు మీంచి
కొడుకుని ఎక్కనివ్వదు కదా పటాలం.
హవల్దారు రాయించుకున్ననాడు
గోరుతో రుద్ది అడిగేడు,
"ఇక్కడ ఎత్తుగా ఉందేటి?"
పాత రంగులే అన్నాను.
అతనింకేటీ అడగలేదు.
సుబేదారై దిగిపోయి
పెట్టెలో మినుములు పోసుకున్నాడు.

ఇప్పుడు బ్రష్షెవరిక్కావాలి?
మావాడు ఎదురుగానే ఫ్లెక్సీలు కొడతాడు.
మొన్న జంక్షన్లో తనూజ ఫ్లెక్సీ వాడు కొట్టిందే.
పన్నెండడుగులు, మా ఊరి ఆణిముత్యం,
కింద శుభాకాంక్షలు చెప్పినోళ్ల మొహాలు
ఆ పిల్ల మొహంకన్నా పెద్దవి.

మర్నాడు స్కూటీ మీద వచ్చింది,
వెనక తండ్రి, తండ్రి ఒళ్లో పెట్టె.
మూలల్లో మినపపొట్టు ఇంకా ఉంది.
"లెఫ్టినెంటంటే జాగా సరిపోదమ్మా."
"రెండక్షరాలే బాబయ్యా. ఎల్, టీ."
తాత హవల్దారుకి మూడు,
తండ్రి సుబేదారుకి మూడు,
ఈ పిల్లకి రెండే.
ఎక్కేకొద్దీ అక్షరాలు తగ్గుతాయని
అరవై దాటేక తెలిసింది నాకు.

కొట్లో స్టూలు ఒకటే.
ఆఫీసరు కూర్చోందే దాలినాయుడు కూర్చోడు.
నాన్న నిలబడితే ఆ పిల్ల కూర్చోదు.
ఆఖరికి స్టూలు మీద పెట్టెనే కూర్చోబెట్టేం.

"పాతవి గీకీమంటావా? నున్నగా వస్తాది."
వద్దంది.
కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె వెతికినట్టు
వేళ్లతో రేకు తడిమింది.
"తాతయ్య రెండోసారి నాయకైంది
ఈ పొరలోనేనా?"
నేను దాలినాయుడి వేపు చూసేను.
అతను రోడ్డు వేపు చూస్తూ,
"చెప్పేనులే" అన్నాడు.

మోచేతి కింద గుడ్డ మడత పెట్టుకుని రాసేను.
ఇదివరకు ఆ గుడ్డ అక్కర్లేకపోయేది.
వంద కాగితం ఇచ్చింది, తీసుకున్నాను.
మేకుల డబ్బా బోర్లించి
అడుగునున్న పాత అర్ధరూపాయి ఏరి
ఆ పిల్ల చేతిలో పెట్టేను.
"ఇదేటి బాబయ్యా?"
"మీ తాతది."

ఆరేదాకా ముట్టుకోవద్దన్నాను.
బస్సులొస్తున్నాయి, దుమ్ము రేగుతోంది.
పెట్టెకి దుమ్ము తగలకుండా
ముగ్గురం అడ్డంగా నిలబడ్డాం.